వెల్లుల్లి సాగు: లెక్క తప్పేది ఎక్కడ?

2022లో మధ్యప్రదేశ్ మండీల్లో కిలో వెల్లుల్లికి ఒకటి రెండు రూపాయలు కూడా గిట్టక కొందరు రైతులు బస్తాలకు బస్తాలు పారబోశారు. 2024 ఫిబ్రవరి వచ్చేసరికి అదే వెల్లుల్లి మన కిరాణా కొట్లలో కిలో 400 రూపాయలు దాటింది. ఆ ధర చూసి మనసుపడి, ఆ ఏడాది చలికాలంలో ఖరీదైన విత్తనం కొని నాటినవాళ్లు పంట తీసేనాటికి ధర మళ్లీ దిగిపోయింది. వెల్లుల్లికి కనీస మద్దతు ధర లేదు. ఇంతవరకే చూస్తే అంతా అదృష్టం మీద నడిచే వ్యవహారంలా ఉంటుంది. కానీ పది గుంటలో, పాతిక సెంట్లో వేసే చిన్న రైతుకు ఈ పంటలో లాభనష్టాలు చాలావరకు నాటే రోజుకే తేలిపోతాయి. ఏ ధరకు ఏ విత్తనం కొన్నారు, ఏ వారంలో నాటారు, ఎవరికి అమ్ముదామని నాటారు అన్నవే అసలు ప్రశ్నలు. ఎరువులు, మందులు ఆ తర్వాతి సంగతి.

విత్తనం ధరే మొదటి ఉచ్చు

ఉల్లి ఎకరానికి మూడు నాలుగు కిలోల గింజతో సరిపోతుంది. వెల్లుల్లికి గింజ ఉండదు, తినే రెబ్బే విత్తనం. ఎకరానికి దాదాపు 200 కిలోల రెబ్బలు కావాలి. మంచి పంట వస్తే ఎకరానికి 22 నుంచి 28 క్వింటాళ్లు చేతికొస్తాయి. అంటే కిలో నాటితే పదకొండు నుంచి పద్నాలుగు కిలోలు. గడ్డ సరిగా ఊరకపోతే ఏడెనిమిది కిలోలే. ఇంత తక్కువ రెట్లు వచ్చే పంటలో విత్తనం ధర నేరుగా పెట్టుబడి మీద పడుతుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, బజారులో వెల్లుల్లి ధర పెరిగితే విత్తనం ధరా అంతే పెరుగుతుంది, ఎందుకంటే రెండూ ఒకటే సరుకు. ధర చూసి అందరూ ఒకేసారి నాటుతారు, నాలుగున్నర నెలల తర్వాత అందరి సరుకూ ఒకేసారి వస్తుంది. అందుకే విత్తనం కిలో 250, 300 పలికే ఏడాది విస్తీర్ణం పెంచకూడదు. విత్తనం చౌకగా దొరికే ఏడాదే, అంటే అందరూ విసిగి మానేసిన ఏడాదే, కొత్తగా మొదలుపెట్టడానికి మంచిది. చెప్పినంత తేలిక కాదు ఇది. పక్కవాడు నష్టపోయిన పంటను మనం ఎత్తుకోవాలంటే గుండె ధైర్యం కావాలి.

పది గుంటలకు, అంటే పాతిక సెంట్లకు లెక్క వేసి చూద్దాం. విస్తీర్ణం సుమారు 1,010 చదరపు మీటర్లు. 120 సెంటీమీటర్ల వెడల్పున ఎత్తుమడి, పక్కన 45 సెంటీమీటర్ల కాలువ. మడి మీద 15 సెంటీమీటర్లకో వరుస చొప్పున ఎనిమిది వరుసలు, వరుసలో 10 సెంటీమీటర్లకో రెబ్బ. గట్లూ దారులూ పోను 45 వేల రెబ్బలు పడతాయి. ఒక్కోటి గ్రాము చొప్పున 45 కిలోలు. గడ్డలు విడదీసేటప్పుడు చిన్నవీ పాడైనవీ ఏరేస్తాం కాబట్టి 55 కిలోల గడ్డలు కొనాలి.

ఒక మనిషి నిమిషానికి పది రెబ్బలు నాటితే ఏడు గంటల్లో 4,200. అంటే నాటడానికే పదకొండు కూలీలు. కలుపు, తవ్వకం, కోత, ఎండబెట్టడం అన్నీ కలిపితే దాదాపు 35 పనిదినాలు. కూలి 500 అనుకుంటే 17,500 రూపాయలు. దుక్కి, పశువుల ఎరువు, మందులు, ఇతర ఖర్చులు 7,000. ఇక విత్తనం కిలో 100 రూపాయలకు కొంటే 5,500, మొత్తం 30,000. అదే విత్తనం 300కు కొంటే 16,500, మొత్తం 41,000. నాటినవాటిలో 85 శాతం నిలిచి, ఆరిన గడ్డ సగటున 16 గ్రాములు తూగితే సుమారు 600 కిలోలు వస్తాయి. మొదటి లెక్కలో కిలో ఖర్చు 50 రూపాయలు, రెండో లెక్కలో 68. గడ్డ చిన్నదైపోయి దిగుబడి 350 కిలోలకు పడితే చౌక విత్తనంతో కూడా కిలో ఖర్చు 86 రూపాయలు అవుతుంది. మీ ఊరి కూలి, మీ నేల అంకెలు వేసుకుని ఈ లెక్క మళ్లీ చేయండి. రెండు సంగతులు మాత్రం మారవు: ఖర్చులో అన్నిటికన్నా పెద్ద వాటా కూలిదే, ఏటేటా ఎక్కువగా మారేది విత్తనం. ఇంట్లో ముగ్గురు పనిచేసే కుటుంబానికి ఈ పంట ఒకలా కనిపిస్తుంది, అంతా కూలీలతో చేయించేవాళ్లకు మరోలా.

గడ్డ ఎందుకు ఊరదు

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మొక్క ఏపుగా పెరుగుతుంది, ఆకులు పచ్చగా ఉంటాయి, ఫిబ్రవరిలో పీకి చూస్తే కింద స్ప్రింగ్ ఉల్లి కాడ అంత లావే ఉంటుంది, రెబ్బలు విడివడి ఉండవు. ఎరువు చాలలేదేమోనని ఇంకో బస్తా యూరియా వేస్తారు. లోపం ఎరువుది కాదు.

వెల్లుల్లి మొదట ఆకులు పెంచుకోవడానికి చల్లదనం కావాలి, తర్వాత గడ్డ కట్టడానికి పగటి నిడివి, వేడి పెరగాలి. ఎంత పగలు కావాలన్నది రకాన్ని బట్టి ఉంటుంది. మైదాన రకాలు 11, 12 గంటల పగటికే గడ్డ కడతాయి. హిమాచల్, కశ్మీర్ వంటి కొండ ప్రాంతాల రకాలకు, అగ్రిఫౌండ్ పార్వతి లాంటివాటికి, అంతకన్నా పొడవైన పగలు కావాలి. హైదరాబాద్‌లో డిసెంబరు చివర పగలు 11 గంటల పైచిలుకు, మార్చి మూడో వారానికి 12 గంటలు. కొండ రకానికి కావలసిన పగలు మనకు వచ్చేసరికి ఎండలు ముదిరి మొక్కే మాడిపోతుంది.

అందుకే సూపర్‌మార్కెట్‌లో లావు రెబ్బలు చూసి ముచ్చటపడి విత్తనానికి తెచ్చుకోవద్దు. అవి కొండ రకాలు కావచ్చు, దొంగచాటుగా వచ్చిన చైనా సరుకూ కావచ్చు. చైనా వెల్లుల్లి దిగుమతిని మన ప్రభుత్వం 2014లోనే నిషేధించింది. మన నేలకు లేని బూజు రోగాలు దానితో రావచ్చన్నది అందుకు ఒక కారణం. విత్తనం అమ్మేవాడు రకం పేరు, అది పండిన ఊరు చెప్పలేకపోతే అక్కడ కొనకండి.

మన మైదానాలకు పనికొచ్చే రకాల్లో భీమా పర్పుల్ ముందు వరుసలో ఉంటుంది. పుణె దగ్గరి రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఈ రకాన్ని సిఫారసు చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. 120 నుంచి 135 రోజుల్లో వస్తుంది, పై పొర ఊదా రంగు. నాసిక్‌లోని జాతీయ ఉద్యాన పరిశోధన, అభివృద్ధి సంస్థ రకాల్లో అగ్రిఫౌండ్ వైట్, యమునా సఫేద్-3 పేరుపడ్డవి. యమునా సఫేద్-3నే జి-282 అంటారు. గడ్డకు పదిహేను పదహారు లావు రెబ్బలుంటాయి, వలవడం తేలిక, మార్కెట్లో అడుగుతారు. కానీ 140, 150 రోజులు పడుతుంది. చలి త్వరగా వెళ్లిపోయే చోట దాన్ని నమ్ముకోవద్దు.

చలి ఎక్కడ ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే ప్రాంతాన్ని తేలుస్తుంది. ఆదిలాబాద్, జహీరాబాద్, నారాయణఖేడ్, వికారాబాద్ వైపు, అటు పాడేరు కొండల్లో, మదనపల్లె మెట్ట మీద రాత్రి చలి బాగుంటుంది. కోస్తా మైదానాల్లో చలికాలం పొట్టిది, గడ్డ చిన్నదే వస్తుంది. డెల్టా జిగట నేలల్లో గడ్డ వంకర్లు పోతుంది, తవ్వేటప్పుడు పగులుతుంది. అక్కడ ఇంటికి సరిపడా రెండు మళ్లు వేసుకోవచ్చు, వ్యాపారంగా వద్దు.

నాటే వారం: అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం. అంతకు ముందు నాటితే తడి నేలలో, వేడిలో రెబ్బ కుళ్లుతుంది. నవంబరు చివరికి పోతే మొక్క ఆరేడు ఆకులు వేసేలోపే ఎండ మొదలై, ఉన్న ఆకులతోనే గడ్డ కట్టేస్తుంది. ఆకులెన్ని ఉంటే గడ్డకు అంత తిండి. ఆలస్యమైన ప్రతి వారం గడ్డ సైజులో కనబడుతుంది.

మడి నుంచి గడ్డ దాకా

ఒండ్రు కలిసిన గుల్ల నేల, నీరు నిలవనిది, పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఉన్నది మంచిది. ముందు పంట ఉల్లి అయిన చోట వద్దు, రెండు మూడేళ్లు ఎడం ఇవ్వాలి. సోయా, పెసర, మొక్కజొన్న తీసిన నేల బాగా పనికొస్తుంది. పది గుంటలకు టన్నున్నర మాగిన పశువుల ఎరువు చల్లి కలియదున్నాలి. పచ్చి పేడ వేస్తే వేరుపురుగూ కుళ్లూ వెంటవస్తాయి.

రెబ్బలను నాటే ముందు రోజే విడదీయాలి. వారం ముందు విడదీసి గోనెలో పోసి పెడితే సగం ఎండిపోతాయి. పై పొర వలవకూడదు. రెబ్బ అడుగున వేళ్లు వచ్చే చిన్న బిళ్ల ఉంటుంది, అది ఊడిన రెబ్బ మొలవదు. 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం ఉన్నవే ఏరండి. గడ్డ నడిమధ్యలో సన్నగా పుల్లల్లా ఉండేవి కూరలోకి వాడుకోండి. ఏరినవాటిని లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ అనే బూజు మందు కలిపిన ద్రావణంలో పావుగంట నానబెట్టి నీడన ఆరబెట్టాలి. మొన పైకి ఉండేలా, మొన మీద రెండు మూడు సెంటీమీటర్ల మట్టి పడేలా నాటాలి. కూలీలు తొందరలో రెబ్బను అడ్డంగానో తలకిందులుగానో గుచ్చితే మొలక వంకర తిరిగి పైకొస్తుంది, గడ్డ ఆకారం చెడుతుంది. నాటే రోజు మడి దగ్గరే నిలబడి చూసుకోవాల్సిన పని ఇది.

నాటగానే తడి, మూడో రోజు మరో తడి, తర్వాత నేలను బట్టి వారం పది రోజులకోసారి. డ్రిప్ ఉంటే మడికి 60 సెంటీమీటర్ల ఎడంలో రెండు లేటరళ్లు, అంటే నీటి బొట్లు వదిలే సన్న గొట్టాలు, చాలు. నాటిన రెండు రోజుల్లో, తేమ ఉన్న నేల మీద పెండిమిథాలిన్ 30 శాతం మందు 300 మిల్లీలీటర్లు 50 లీటర్ల నీటిలో పిచికారీ చేస్తే మొదటి నెల కలుపు తగ్గుతుంది. తర్వాత చేత్తో తీయక తప్పదు. వెల్లుల్లి ఆకు సన్నం, నీడ పడదు, కలుపుకు పండగే. వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి కొడవలితో లోతుగా గీరొద్దు.

ఎరువుల సంగతికి వస్తే పది గుంటలకు నత్రజని 10 కిలోలు, భాస్వరం 5, పొటాష్ 5 సరిపోతాయి. బస్తాల భాషలో చెప్పాలంటే యూరియా 22 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 31, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 8. డీఏపీకి బదులు సూపర్ ఎందుకంటే అందులో గంధకం కూడా ఉంటుంది. వెల్లుల్లి ఘాటు గంధకంతో కూడిన పదార్థాల వల్లే వస్తుంది. సూపర్, పొటాష్ మొత్తం, యూరియాలో మూడో వంతు ఆఖరి దుక్కిలో. మిగతా యూరియా 30వ రోజున సగం, 45వ రోజున సగం. 60 రోజులు దాటాక యూరియా ముట్టుకోకండి. ఆలస్యంగా పడిన నత్రజనితో, అతిగా పెట్టిన తడులతో కట్టిన గడ్డలోంచే రెబ్బలు మళ్లీ పిలకలు వేస్తాయి. ఆ గడ్డ మెత్తబడుతుంది, విచ్చుకుంటుంది, నిలవ ఉండదు, వ్యాపారి పట్టి చూసి పక్కన పెడతాడు.

మూడు శత్రువులు

తామర పురుగులు జనవరి చివర నుంచి, పొడి వాతావరణంలో విజృంభిస్తాయి. సుడిలో లేత ఆకు విడదీసి చూస్తే పసుపు రంగు చీలికల్లాంటి పురుగులు కదులుతూ కనిపిస్తాయి. ఆకు మీద వెండి గీతలు పడతాయి. అవి గీరిన గాయాల మీదే ఊదా మచ్చ తెగులు సులువుగా దిగుతుంది. ముందు తెల్లటి చిన్న చుక్క, తర్వాత మధ్యలో ఊదా, చుట్టూ పసుపు, ఆకు అక్కడికక్కడ విరిగి వాలిపోతుంది. మంచు, మబ్బు పట్టిన నాలుగు రోజులు చాలు. లీటరుకు 2.5 గ్రాముల మాంకోజెబ్ మచ్చ కనిపించిన రోజే కొట్టాలి. పురుగుకు ఫిప్రోనిల్ వంటి మందును డబ్బా మీది మోతాదులోనే వాడి, రెండోసారి వేరే గుంపు మందుకు మారాలి. వెల్లుల్లి ఆకు మీద మైనపు పూత ఉంటుంది, నీటి బొట్టు జారిపోతుంది. జిగురు మందు కలపకుండా కొట్టిన పిచికారీ సగం నేల పాలే. మందు పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం.

మూడోది కంటికి కనిపించని నల్లి. ఆకులు పూర్తిగా విచ్చుకోవు, కొసలు ఒకదానికొకటి అతుక్కుని మెలితిరుగుతాయి, అంచుల్లో పసుపు మరకలు. చాలామంది ఇది సూక్ష్మపోషక లోపం అనుకుని జింకు కొడతారు. లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం దీనికి మందు. ఈ నల్లి విత్తనంతోనే వస్తుంది, కోశాక గోదాములో కూడా బతికి రెబ్బలను పీల్చి ఎండగడుతుంది. కాబట్టి ఇది సోకిన మడి నుంచి విత్తనం దాచుకోకూడదు.

కోత ఆలస్యమైతే

నాటిన 120, 130 రోజులకు కింది ఆకులు ఎండి, పైన నాలుగైదు ఆకులు ఇంకా పచ్చగా ఉండి, కాడ మెడ దగ్గర మెత్తబడి వాలడం మొదలవుతుంది. కోతకు రెండు వారాల ముందు నీరు ఆపాలి. ఆకులన్నీ ఎండేదాకా ఆగితే నేలలోనే పై పొర చిరిగి రెబ్బలు విచ్చుకుంటాయి. ఉల్లికి అలవాటుపడ్డ రైతు ఇక్కడ వారం రోజులు ఎక్కువ ఆగుతాడు, పంటలో మంచి భాగం రెండో గ్రేడుకు దిగిపోతుంది.

తవ్విన మొక్కలను ఒక వరుస ఆకులు పక్క వరుస గడ్డలను కప్పేలా మూడు రోజులు పొలంలో పరిచి, తర్వాత నీడలో గాలి ఆడేచోట పది పన్నెండు రోజులు ఆరనివ్వాలి. మార్చి ఎండ నేరుగా తగిలితే గడ్డ ఉడికినట్టు అవుతుంది. కాడ రెండు సెంటీమీటర్లు ఉంచి కోయాలి. నిలవ చేసేవాటికి కాడలు కోయకుండా పిడికెడు చొప్పున కట్టలు కట్టి వాసానికి వేలాడదీస్తే ఎక్కువ కాలం ఆగుతుంది. ఇంటి ఫ్రిజ్ చల్లదనం దీనికి తగదు. 5 నుంచి 10 డిగ్రీల మధ్యే వెల్లుల్లి త్వరగా మొలకెత్తుతుంది. కోల్డ్ స్టోరేజీలో సున్నా దగ్గర పెడతారు, లేదంటే మామూలు గది వేడిమిలో పొడిగా ఉంచాలి.

ఎవరికి అమ్మాలి

మన పంట ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. సరిగ్గా అప్పుడే మధ్యప్రదేశ్‌లోని మందసోర్, నీమచ్, రాజస్థాన్‌లోని కోట వైపు కొత్త సరుకు కూడా మొదలవుతుంది. అక్కడి రైతు పెద్ద ఎత్తున పండించి లారీల మీద పంపుతాడు. సైజును బట్టి లడ్డూ, మీడియం వంటి పేర్లతో వేరు చేసి వేలం వేస్తారు. హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ ధర ఆ మండీల ధర వెంటే నడుస్తుంది. ఆరు క్వింటాళ్లతో వెళ్లిన మన రైతు అక్కడ ధర అడగలేడు, చెప్పిన ధర తీసుకుని కమీషన్, హమాలీ, రవాణా పోగా మిగిలింది పట్టుకొస్తాడు.

దాచి అమ్ముదామంటే ఇంకో లెక్క ఉంది. ధర సాధారణంగా వానాకాలం తర్వాత పెరుగుతుంది. ఆరు నెలల్లో ఆరిపోయినవీ కుళ్లినవీ కలిపి 25 శాతం తరుగు పోతే, 100 కిలోలు 75 అవుతాయి. అప్పుడు ధర 33 శాతం పెరిగితేనే మార్చిలో అమ్మినదానికి సమానం. కోస్తా తేమలో తరుగు ఇంకా ఎక్కువ. దిగుబడి మొత్తం దాచడం కన్నా, గట్టి మెడ, చెక్కుచెదరని పొర ఉన్న మూడో వంతును మాత్రమే దాచడం నయం.

చిన్న రైతుకు నిజంగా కలిసొచ్చేది ఆవకాయ కాలం. మన కొత్త గడ్డ ఆరి సిద్ధమయ్యేది మార్చి చివరికి. ఏప్రిల్, మేలో పచ్చళ్లు పెట్టే ప్రతి ఇంటికీ కిలో, రెండు కిలోలు కావాలి. ఇంటి నుంచి పచ్చళ్లు తయారుచేసి అమ్మేవాళ్లకు, విదేశాల్లోని పిల్లలకు పంపేవాళ్లకు అంతకు పదింతలు. 600 కిలోలంటే ఒక్కొక్కరు రెండు కిలోలు కొనే 200 ఇళ్లు, 20 కిలోల చొప్పున తీసుకునే పది పచ్చళ్ల కేంద్రాలు. హోల్‌సేల్ ధరకూ ఇంటి గుమ్మం ధరకూ మధ్య తేడా ఉంది చూశారూ, ఈ వ్యాపారంలో లాభం అదే. ఆ ఇళ్ల పేర్లు జనవరిలోనే రాసుకుని ఉండాలి. ఆ జాబితా చేతిలో లేకపోతే పది గుంటలు కూడా ఎక్కువే.

ఏరేసిన సన్న రెబ్బలను ఓ మడిలో దగ్గర దగ్గరగా వేసి 50, 60 రోజులకు ఆకుతో సహా పీకితే పచ్చి వెల్లుల్లి అవుతుంది. తెలుగు వంటలో దీని వాడకం తక్కువ, కానీ హైదరాబాద్‌లోని గుజరాతీ కుటుంబాలు డిసెంబరు, జనవరిలో వెతికి కొంటాయి. వలిచిన రెబ్బలకు హోటళ్లలో గిరాకీ ఉన్నా, సన్న రెబ్బల రకంతో కూలి గిట్టదు, చల్లగా ఉంచకపోతే కొద్ది రోజుల్లోనే పాడవుతాయి. వలిచిన రెబ్బలను ఉత్త నూనెలో వేసి బయట నిలవపెట్టి అమ్మడం మాత్రం ఎవరూ చేయొద్దు. గాలి తగలని, పులుపు లేని ఆ నూనెలో బాట్యులిజం అనే విషజబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరిగే ప్రమాదం ఉంది, అది ప్రాణాంతకం. ఆవకాయలో పులుపు, ఉప్పు దాన్ని అడ్డుకుంటాయి, ఉత్త నూనెలో ఆ రక్షణ లేదు. ఇలా తయారుచేసిన ఆహారం ఏది అమ్మినా ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు లేదా లైసెన్సు తప్పనిసరి.

రెండో ఏడాది నుంచి విత్తనం ఖర్చు మీ చేతిలోకి వస్తుంది, షరతు ఒకటే. వెల్లుల్లి తరతరాలుగా రెబ్బతోనే పెరుగుతుంది కాబట్టి ఒకసారి చేరిన వైరస్ పోదు, ఏటా పోగవుతుంది. జనవరిలోనే మడిలో తిరిగి, ఆకుల మీద పసుపు చారలున్నవి, ముడుచుకున్నవి, గిడసబారినవి పీకేయండి. మిగిలినవాటిలో బాగా ఊరిన గడ్డలను, తరుగు కూడా కలుపుకుని 75 కిలోలు, అమ్మకానికి ముందే వేరు చేసి వేలాడదీయండి. పెద్ద గడ్డలు అమ్మేసి, ఎవరూ కొనని చిన్నవాటిని విత్తనానికి ఉంచుకునే అలవాటు వల్ల మూడేళ్లలో రకం చిక్కిపోతుంది. మూడు నాలుగేళ్లకోసారి పరిశోధన సంస్థ నుంచి 10 కిలోల కొత్త విత్తనం తెచ్చి పక్క మడిలో పెంచుకుంటే, ఆ తర్వాతి ఏడాదికి పొలమంతటికీ అదే సరిపోతుంది.